పదో గడి

పదో గడి దగ్గర పెన్ను ఆగింది.
మాతృభాష: సవర. అంతవరకు సుఖం.
దాని కిందే చీమ అక్షరాల్లో ఇంకో ప్రశ్న,
ఈ భాష మాట్లాడేవాళ్లు
ఎక్కడెక్కడ ఉంటారో రాయమని.

బండి కొండ మొదట్లో వదిలేసి
మందస జీడితోటల్లోంచి
గంటన్నర నడిచి ఎక్కినవాణ్ణి.
"ఇక్కడే" అని రాసేస్తే దిగిపోవచ్చు.
కానీ సవర సొంబరి
కొండచీపుళ్లు కట్టలు కడుతూ
తల ఎత్తకుండానే అంది:
"ఏటని సెప్పాల బావూ,
మా మాటకి కాళ్లున్నాయి."

ఎదురు గట్టు మీద లేస్తున్న పొగ
ఆమె చెల్లెలి ఇంటిది.
అది ఒడిశా.
మధ్యన మోకాలి లోతు గెడ్డ.
ఆ గట్టు పిల్లలకి బడిలో ఒరియా,
ఈ గట్టు పిల్లలకి తెలుగు,
పీతల కోసం గెడ్డలో కొట్టుకునేటప్పుడు మాత్రం
బూతులన్నీ సవరలోనే.

రాసుకున్నాను: గెడ్డకి అటూ ఇటూ.

"రాసీసినావా? ఇంకా ఉంది."

ఆమె తాతకి తమ్ముడొకడుండేవాడు.
చోళ్లు పండని ఏడు
మేస్త్రీ ఒకడు కొత్త కంబళ్లు మోసుకొచ్చాడు.
కంబళి కప్పుకున్నవాడల్లా వేలిముద్ర వేశాడు.
పదకొండు కుటుంబాలు కొండ దిగి
రైలు ఎక్కడం ఊరంతా చూసింది,
దిగడం ఎవరూ చూళ్లేదు.
అస్సామంట, తేయాకు తోటలంట,
అంతే తెలుసు మూడు తరాలకి.

మరి పోయిన వేసవిలో
మనవడు లక్కాయి కేరళలో సెంట్రింగు పనికెళ్తే
ఎనిమిదో అంతస్తులో
కమ్మీలు వంచుతున్న బిశు అనే అస్సాం కుర్రాడు
ఎండకి నోరెండి, ఎవరితోనూ కాకుండా,
తనలో తాను "డా" అన్నాడట.

డా అంటే నీళ్లు.

లక్కాయి చేతిలో సీసా అలాగే ఉండిపోయిందట.
అక్కడ మలయాళం కింద, హిందీ కింద,
సిమెంటు దుమ్ము కింద
తాత తమ్ముడు దాహంగా ఉన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు
సిగ్నల్ దొరికే పెద్ద బండ ఎక్కి
సొంబరి ఆ తోటలో ముసలిదానితో మాట్లాడుతుంది.
సగం అర్థమవుతుంది, సగం నవ్వుకుంటారు.
ఇక్కడ తెలుగు మింగేసిన మాటలు కొన్ని
అక్కడ బతికే ఉన్నాయి.
అక్కడ పోయినవి ఈమె విసిరితే
ఆమె పట్టుకుంటుంది.
జీలుగు చెట్టు లేదట వాళ్లకి.
పేరొక్కటే మిగిలింది,
అదేదో జంతువనుకుంటారట పిల్లలు.
"కల్లు ఇచ్చే జంతువని సెప్పీసినాను"
అని పడీ పడీ నవ్వింది.

ఎండ వాలుతోంది. గడి నిండిపోయి
అక్షరాలు పక్క గడిలోకి,
పక్కవాళ్ల పశువుల లెక్కలోకి పాకాయి.

"మీదే ఊరు?" అంది.
బారువ అన్నాను, సముద్రం ఒడ్డు.
చీపురు కట్టడం ఆపి నన్ను కొత్తగా చూసింది.
"బరు అంటే మాకు కొండ.
సముద్రం కాడ కొండేటి బావూ?
మావోలెవులో దిగి ఉంటారు
సేపలు తిందారని."
కాదని చెప్పబోయాను.
చెప్పడానికి నా దగ్గర ఏముంది?
మా పెదనాన్న కొడుకు వేరావల్లో
ఎవరి పడవ మీదో వల లాగుతున్నాడు,
వాడి పిల్లలు వాడితో గుజరాతీలో అలుగుతారు.

మండలాఫీసులో ఆపరేటరు
నా కాగితం అటు తిప్పి ఇటు తిప్పి
"ఇన్ని పట్టవు మాస్టారూ,
ఒక జిల్లా కోడే తీసుకుంటది" అన్నాడు.
శ్రీకాకుళం కోడు కొట్టాడు.
మిషను టిక్కుమంది.

దిగేటప్పుడు సొంబరి
ఒక చీపురు చేతిలో పెట్టి
ముప్పై రూపాయలు ఖచ్చితంగా వసూలు చేసింది.
రోజూ పొద్దున్నే మా వాకిట్లో అది
సముద్రం పోసిన ఇసక ఊడుస్తోంది.
గాలికి మళ్లీ వస్తుంది ఇసక.